రౌడీ గొంతు

నెల్లికుదురులో ఒకప్పుడు ఓ టీవీ సీరియల్ వేళకు వీధులు ఖాళీ అయ్యేవి. హీరో ఎగిరొచ్చి ప్రేయసిని కాపాడి, రౌడీని చితకబాదేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చాక ఊరికి తెలిసొచ్చింది: అందులో తెలంగాణ యాస ఆ రౌడీ ఒక్కడిదే.

నడుస్తున్న సీరియల్‌ను కేబుల్ వీరన్న తన ఆఫీసులో ఊరంతటికీ ఆపబోతుంటే సమ్మక్క వచ్చింది. పోయిన నెల ర్యాలీలో చనిపోయిన ఆమె కొడుకు ఫోటోకు దీక్షా శిబిరంలో రోజూ దండ వేసేది వీరన్నే.

"బంద్ వెట్టకు బిడ్డా."

"మన మాటను ఎక్కిరిస్తున్నరు అవ్వా. అమరుని తల్లివి, నువ్వే గిట్లంటె ఎట్ల?"

"ఆ రౌడీకి డబ్బింగ్ చెప్పింది నా కొడుకే. సిగ్గయి ఎవలకు చెప్పలె. వాడు చెప్పిపెట్టినయి ఇంక నాలుగు వారాలొస్తయట. జర ఇననియ్యి."

వీరన్న చెయ్యి ఆగిపోయింది. తెర మీద హీరో తన్నగానే రౌడీ "అవ్వా, సస్తిని!" అని అరిచాడు.

ఊరంతా ఇన్నాళ్లూ పగలబడి నవ్వింది ఆ అరుపుకే.