గొడుగాయన

"మూడో వీధి మూల దీపం నెల రోజులుగా వెలగడం లేదటగా అండీ?"

కాలనీ సంఘం గదిలో ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తూ అడిగాడు కొత్తాయన.

వెనక వీధిలో ఒంటి గది అద్దెకు తీసుకుని వారమైనా కాలేదు. ఎండా లేదు, వానా లేదు, చేతిలో మాత్రం నల్ల గొడుగు.

సెక్రటరీకి చిర్రెత్తింది. తొమ్మిదేళ్లుగా ఈ సంఘానికి ఆయనే సెక్రటరీ. ఆ పుస్తకంలో ప్రతి ఫిర్యాదు పక్కనా ఎర్ర సిరాతో "పరిశీలనలో ఉంది" అని గుండ్రంగా రాసేదీ ఆయనే.

"రాశాను కదండీ, పరిశీలనలో ఉందని."

"రాశారండీ. కానీ టీచరమ్మ గారు నాలుగుసార్లు అడిగారు. చీకట్లో పడతానేమోనని భయంగా ఉందట..."

"అంత బాధగా ఉంటే మీరే వెళ్లి చూసి రండి!"

కొత్తాయన ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తలూపి, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్లాడు.

భలే చురక వేశానని సెక్రటరీ ఇంటికెళ్లాక కూడా నవ్వుకున్నాడు.

మూడో రోజుకల్లా దీపం వెలిగింది.

గొడుగాయన కరెంటాఫీసు బల్ల మీద రెండు రోజులు కూర్చున్నాడట. మనిషిని పంపేదాకా కదల్లేదట.

సెక్రటరీకి నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత రెండో వీధి మురుగుకాలవ పారింది. పార్కులో విరిగిన ఉయ్యాల లేచి నిలబడింది. ఎవరితోనూ కలవని డాక్టరు ఆదివారం పొద్దున సంఘం గదిలో గంటసేపు కూర్చుని అందరికీ బీపీ చూడసాగాడు. టైలరు నలుగురు ఆడవాళ్లను పోగేసి కుట్టుపని నేర్పసాగాడు. తొమ్మిదేళ్లలో మీటింగుకి పన్నెండు మందికి మించి రాని కాలనీలో ఇప్పుడు గది బయట చెప్పులు విప్పడానికి చోటు లేదు.

ఎవరిని కదిపినా గొడుగాయనే.

సెక్రటరీ కడుపు మండిపోయింది. ఉన్నమాట చెప్పాలంటే, ఉయ్యాల మళ్లీ విరిగితే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఒకరోజు ముసలి టీచరమ్మ కర్ర ఊతంగా వచ్చి గేటు దగ్గర ఆపింది.

"దీపం వెలిగింది బాబూ. అంతా మీ చలవే!"

దెప్పుతోంది! సెక్రటరీ పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"ఆయనెవరో మంచి పనులు చేస్తుంటే మీరెందుకండీ ఉడుక్కోవడం?" అంది భార్య.

"ఉడుక్కోవడమా? నేనా?"

"కాఫీలో పంచదార వేయలేదు. తాగేశారు. తెలియను కూడా తెలియలేదు మీకు."

"ఎన్నికలు పది రోజుల్లో ఉన్నాయే! నా కుర్చీకి ఎసరు పెట్టడానికే దిగాడు వాడు. ఆ కుర్చీ పోతే ఈ కాలనీలో నన్ను పలకరించేదెవరు?"

భార్య ఖాళీ కప్పు తీసుకుని లోపలికి నడిచింది. ఆ మాట నిజమేనని ఆమెకీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, సెక్రటరీ సంఘం గదికి వెళ్లాడు. గొడుగాయన అప్పటికే ఫిర్యాదుల పుస్తకం ముందు కూర్చుని ఉన్నాడు. సెక్రటరీని చూసి లేచి నిలబడ్డాడు.

"చూడండి, మీరు ఈ సంఘంలో సభ్యులు కారు. రేపట్నుంచి ఈ గడప తొక్కకండి. కాలనీ పనుల్లో తలదూర్చకండి."

గొడుగాయన ముఖం చిన్నబోయింది.

"నావల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా అండీ?"

"పొరపాటూ లేదు, గ్రహపాటూ లేదు. ఇక్కడ మీకు పని లేదు, అంతే."

"అంటే... నా పని అయిపోయిందంటారా?"

"అయిపోయింది!"

"సరేనండీ. ఇన్నాళ్లూ నాకు పొద్దు పోయింది. మీ మేలు మరిచిపోను."

వెళ్తూ వెళ్తూ కూడా ఎంత వెటకారమో అనుకున్నాడు సెక్రటరీ.

వారం తిరక్కుండా గది ఖాళీ అయింది. ఎక్కడికెళ్లాడో ఇంటి ఓనరుకే తెలియదు. పీడ విరగడైందని సెక్రటరీ ఆ రోజు రెండు కప్పుల కాఫీ తాగాడు, పంచదార వేయించుకుని మరీ.

ఎన్నికల రోజు గది కిక్కిరిసింది. సెక్రటరీ పేరు చదవగానే ఒక్క చెయ్యి కూడా కింద లేదు. డాక్టరు చెయ్యెత్తాడు, టైలరు చెయ్యెత్తాడు, టీచరమ్మయితే కర్రే ఎత్తింది. సెక్రటరీకి కళ్లు చెమర్చాయి. గొడుగులు పట్టుకు తిరిగేవాళ్లు ఎంతమంది వస్తే మాత్రం, జనానికి తన విలువ తెలియకపోతుందా!

రెండు వారాలకు మూడో వీధి దీపం మళ్లీ ఆరిపోయింది.

టీచరమ్మ కర్ర పొడుచుకుంటూ సంఘం గదికి వచ్చింది. సెక్రటరీ ఫిర్యాదుల పుస్తకం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. ఆమె వాటివంక చూడనైనా లేదు.

"రాయడమెందుకు బాబూ? మీ మనిషిని ఒకసారి పంపండి, చాలు."

"నా మనిషా? ఎవరండీ?"

"అదే, గొడుగాయన! ఈమధ్య కనపడటం లేదు, ఊరెళ్లాడేమోలే."

"ఆయన నా మనిషని ఎవరు చెప్పారు మీకు?"

టీచరమ్మ బోసినోటితో నవ్వింది.

"ఇంకెవరు, ఆయనే! దీపం పెట్టించిన మొదటి రోజు నుంచీ ఏ గుమ్మం ముందుకొచ్చినా 'సెక్రటరీ గారు వెళ్లి చూసి రమ్మన్నారండీ' అనేగా నోరు విప్పేవాడు! అందుకేగా బాబూ, మొన్న అందరం మీకు చెయ్యెత్తింది."