మందుల డబ్బు

“మార్కెట్ ఇవాళ ఇంకో మూడు శాతం పడిందండీ. ఫండ్‌లో ఉన్నదంతా తీసేద్దాం. రేపు మీ మందులకేం చేస్తాం?” అంది రెబెకా.

పాఠం ముగించి వచ్చిన ప్రేమ్ కుమార్ యూనివర్సిటీ మెట్ల మీద కూలబడి నవ్వాడు.

“ఎకనామిక్స్ మాస్టారి పెళ్లానివి, నువ్వే కంగారుపడితే ఎలా? అది పదేళ్ల తర్వాత నీకు అక్కరకొచ్చే డబ్బు. పడితే పడనీ, మళ్లీ లేస్తుంది. ముట్టుకోకు.”

“మరి మందులు?”

“దగ్గర్లో కావలసిన డబ్బు ఎవరైనా మార్కెట్‌లో పెడతారా? తార్నాకలో బ్యాంకులో విడిగా వేశాను.”

“ఎన్నాళ్లకు సరిపడా?”

ఆయన నవ్వు ఆగింది.

“ఏడాదికి.”

రెబెకా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. మొన్న డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి, తనొక్కదానికే చెప్పిన గడువూ ఏడాదే.