ఆ చేతిని కదిపిందెవరు?

జుమా నమాజు ముగిసింది. జనం వెళ్లిపోయారు. మదార్ మాత్రం మసీదు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"మౌల్వీ సాబ్, మీతోని జెర మాట్లాడాలె."

ఖుతుబుద్దీన్ మౌల్వీ అతని ముఖంలోకి చూశాడు. ఏం సంగతని అడగలేదు. "ఇంటికి పోదాం పా" అన్నాడు.

సంగారెడ్డిలో ఒక ఇరుకు సందులో ఆయన ఇల్లు. మదార్ చిన్నప్పుడు అలిఫ్, బే అక్షరాలు దిద్దింది ఆ ఇంటి వరండాలోనే. ఇప్పుడతను పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. మౌల్వీ ఒక్కగానొక్క కొడుకు వహీద్ కూడా అక్కడే కెమిస్టు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలం అది. ఫ్యాక్టరీ మూతపడి ఉంది. రియాక్టరు పేలి చిన్నరాములు అనే కూలీ చనిపోయాడు. రియాక్టరును చల్లబరిచే నీళ్ల వాల్వును ఎవరో మూసేశారని తేలింది. ఎవరో మాత్రం తేలలేదు. ఆ షిఫ్టులో వాల్వుల పని మదార్‌దే. అందరి చూపూ అతని మీదే. చాయ్ హోటల్లో అతను కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతున్నారు. ఒక పొద్దున చిన్నరాములు భార్య ముత్యమ్మ వచ్చి అతని గుమ్మం ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. ఎండ ముదిరేదాకా అతన్నే చూసి, లేచి వెళ్లిపోయింది.

వహీద్ చాయ్ తెచ్చి పెట్టి గోడవారగా నిలబడ్డాడు.

"ఒకని చెయ్యి వాల్వు మీద పడ్డది" అన్నాడు మదార్. "ఒక మనిషి సచ్చిండు. ఆ చెయ్యిని కదిపింది ఎవరు సాబ్? ఆ చెయ్యి గలోడా, అల్లానా?"

మౌల్వీ గడ్డం నిమురుకున్నాడు.

"ఇది కొత్త సవాల్ కాదు బేటా. వెయ్యేండ్లకు ముందే బస్రాల, డమాస్కస్‌ల దీని మీదనే కొట్లాడుకున్నరు. జబ్రీలని ఉండిరి. గాలి ఎటు కొడితే ఈక అటు పోతది, మనిషి గంతే అన్నరు. ఎప్పుడో రాసిపెట్టిందే జరుగుతది."

"అయితే తప్పు లేదా?"

"ఈకకు ఏం తప్పుంటది?"

మదార్ చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

ఆ వారంలో పోలీసు జీపు అతని వాడకట్టుకు వచ్చిపోయింది. ఫ్యాక్టరీలో ఎంక్వైరీ పెడుతున్నామని కబురందింది. మళ్లీ శుక్రవారం అదే వరండాలో కూర్చున్నాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"నాకు సదువు చెప్పినప్పుడు మీరు ఇంకో తీరు చెప్పిన్రు సాబ్. ఖదరీలని ఉండిరి, మనిషి చేసిన పని మనిషిదే అన్నరు, గా మాటకు కొందరి తలలు పోయినయి అన్నరు. రాత అనే మాట పాదుషాలకే పనికొస్తది, ఖూనీలు చేసి అల్లా మీదికి నూకొచ్చు అన్నరు. మీరన్న మాటే ఇది."

"అప్పుడు వయసుల ఉన్న."

"ఇప్పుడో?"

"ఇప్పుడు భయమంటే ఏందో తెలిసింది."

ఆయన ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"ఇంకో తొవ్వ ఉన్నది, విను. పెద్ద పాపం చేసినోడు ముస్లిమేనా కాదా అని జనం ఒకర్నొకరు నరుక్కుంటుంటే, ముర్జియాలు అడ్డం వచ్చిన్రు. ఈ తీర్పు మనది కాదు, లోకం ఆఖరయ్యే ఖయామత్ రోజు దాకా ఆపుదాం, అల్లాకే ఇడిసిపెడదాం అన్నరు. నువ్వు గూడ ఇడిసిపెట్టు బేటా."

మదార్ నేల చూపులు చూశాడు.

"ముత్యమ్మను గూడ ఖయామత్ దాకా ఆగుమందామా?"

ఖాళీ కప్పులు తీయడానికి వచ్చిన వహీద్, తీయకుండానే నిలబడిపోయాడు. సందులో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోతే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

మదార్ లేచాడు.

"రేపే ఎంక్వైరీ. ముందుగల్ల నన్నే పిలుస్తరు. నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఈ నోటితోనే చెప్పాలె. నాతోని ఇంకెవ్వరో చెప్పించిన్రని రేపొద్దుగాల నేననలేను సాబ్."

"జైలు బేటా!" అన్నాడు మౌల్వీ. "ఒక్క ఘడియల తప్పుకు జిందగీ మొత్తం పోతది."

"నాకెరుకే."

ఆ పెద్దాయన ఒక్కసారిగా వంగి శిష్యుడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంట్ల ముసలోళ్ల మొఖమన్నా జెర చూడు."

మదార్ ఆయన ముఖంలోకే చూశాడు. తర్వాత మెల్లగా చేతులు విడిపించుకున్నాడు.

"చిన్నరాములుకు గూడ ముసలి అవ్వ ఉన్నది సాబ్."

అతను సందు మలుపు తిరిగేదాకా వహీద్ గుమ్మంలో నిలబడి చూశాడు. అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. ఎన్నడూ మసీదులో జమాత్ నమాజు తప్పని మౌల్వీ ఆ సాయంత్రం కూర్చున్న చోటునుంచి లేవలేదు. రాత్రి వంట ఎవరూ తినలేదు.

మరునాడు ఫ్యాక్టరీ ఆఫీసు ముందు జనం మూగారు. ముత్యమ్మ మెట్టు మీద కూర్చుంది. మదార్ లోపలికి పోతుంటే కొంగు పక్కకు లాక్కుంది, తగలకూడదన్నట్టు. ఎవడో వెనకనుంచి "ఖూనీకోర్" అన్నాడు. అతను తిరిగి చూడలేదు.

లోపల ఫ్యాను కిందా చెమట పట్టేంత ఉక్క. ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుని నేరుగా అడిగాడు.

"వాల్వు మూసింది ఎవరు?"

మదార్ నోరు తెరిచాడు. కిటికీలోంచి ముత్యమ్మ తల కనిపిస్తోంది. మౌల్వీ చేతుల పట్టు ఇంకా తన చేతుల మీదే ఉన్నట్టుంది.

"చెప్పవయ్యా!"

అతను గొంతు సవరించుకునేలోపే వహీద్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, "మూసింది నేను సార్, మదారన్న కండ్లార చూసిండు, మా అబ్బాకు ఆ రోజే నేను చెప్పిన" అన్నాడు.