బూడిదరంగు పొర

నౌకాదళం వదిలించుకున్న పాత లాంచీలు డబ్బున్నవాళ్ళ షికారు పడవలవుతుంటాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వితీయడం నా పని. అసలు నంబరు ఇంజను గది దూలం మీద, రంగుల కింద దాగి ఉంటుంది. ఈ లాంచీకి పొద్దున్నే మళ్ళీ రంగు వేసేస్తారట. అందుకని రాత్రికి రాత్రే గీకి చూద్దామని ఒక్కదాన్నే దిగాను.

యజమాని ఫోన్ చేశాడు. ఆయన పళ్ళ డాక్టరు.

“దొరికిందా అమ్మా?”

“పన్ను పీకినంత తేలిక కాదండీ. తెలుపు పోయింది, నీలం పోయింది. ఇక మిగిలింది మిలిటరీ బూడిదరంగే.”

“అది వేసి అరవై ఏళ్ళయి ఉంటుంది.”

“ఆఁ, రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది,” అంటూ బ్లేడు ఆనించాను. వెన్నలో దిగినట్టు దిగింది. తాకితే వేలికి అంటుకుంది. కొత్త రంగు వాసన గుప్పుమంది.

“ఏమ్మా, నంబరు కనిపించిందా?”

“డాక్టరుగారూ, ఇక్కడికి ఇంకెవరినైనా పంపారా?”

“లేదే! తాళం నీ దగ్గరేగా?”

వేలు తుడుచుకుందామని గుడ్డ కోసం వెనక్కి తిరిగాను. నేను దిగివచ్చిన తెల్ల మెట్ల మీద బూడిదరంగు అడుగులు, తడిగా. వేళ్ళన్నీ కిందికే తిరిగి ఉన్నాయి.

పైకి వెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు.