అంగడి నాటి చుట్టం

"జెర పక్కకు తిరుగు, సూస్త" అంది దేవమ్మ, కూరగాయల సంచి ఇంకా చేతిలో ఉండగానే.

పుష్ప బిక్కుబిక్కుమంటూ పక్కకు తిరిగింది.

"నెల తప్పిందంటిరి. నాకైతే ఏం కనవడ్తలేదు."

"అప్పుడే కనిపిస్తదా వదినె? ముందుగాల చాయ్ తాగు" అని ముత్యమ్మ గ్లాసు తెచ్చి ఆడబిడ్డ చేతిలో పెట్టింది.

దేవమ్మది బొల్లారం. వారం వారం పటాన్‌చెరు అంగడికి రావడం, షేర్ ఆటో ఎక్కి పాశమైలారంలో తమ్ముడు కొమురయ్య ఇంటి ముందు దిగడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు వెనక ఒక ఆశ ఉంది. తమ్ముడి కొడుకు నర్సింహకు మందుల ఫ్యాక్టరీలో పర్మనెంట్ అయిన నాడే తన కూతురిని అతనికివ్వాలని ఆమె నిశ్చయించుకుంది. మధ్యలో పుష్ప వచ్చి పడింది. పెళ్లయి నాలుగేళ్లయినా పుష్ప కడుపు పండలేదు. ఇంకేం, మొన్న దసరాకు నలుగురిలో తమ్ముడిని నిలదీసింది. వచ్చే దసరా నాటికి ఈ ఇంట్లో పసిపిల్ల ఏడుపు వినపడకపోతే, తన కూతురు ఈ ఇంటికి రెండో కోడలు. అక్క ముందు నోరు లేవని కొమురయ్య తలూపాడు.

ఆ రోజు నుంచి పుష్పకు ముద్ద దిగలేదు. తల్లి లేని పిల్ల. చెప్పుకుని ఏడవడానికి ఉన్నది అత్త ఒక్కతే. ముత్యమ్మకు పెళ్లవడం, కొడుకు పుట్టడం మరీ చిన్నప్పుడే జరిగిపోవడంతో, అత్తాకోడళ్లు పక్కపక్కన నిలబడితే అక్కాచెల్లెళ్లనుకునేవారు.

అలాంటి సమయంలో వచ్చిన కబురు ఇది. దేవమ్మ అంత సులువుగా ఎలా నమ్ముతుంది?

మరుసటి అంగడికి మళ్లీ దిగింది. ఆ పూట గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి కొడుతోంది. దేవమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"వాంతులైతున్నయా లేవా?" అని అడిగిందో లేదో, అత్తాకోడళ్లిద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. కడుపులో పేగులు బయటికొచ్చేలా ఉంది ఆ చప్పుడు. దేవమ్మ చెవి పెట్టి విన్నది. నలుగురిని కన్న మనిషి, దొంగ వాంతి అయితే ఇట్టే పట్టేసేది. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ వచ్చారు.

"గీ వాసనకు ఎవ్వరికన్న గంతే అయితది" అని సణిగింది.

ఆపై వారం పరీక్ష పెడదామని చింతకాయలు తెచ్చింది. "నా ముందట తిను."

"సిగ్గైతది పెద్దమ్మా, లోపల తింట" అని పుష్ప పట్టుకుపోయింది. కాసేపటికి గింజలు మాత్రం బయటికొచ్చాయి. ఇంకో వారం పచ్చి మామిడికాయలు, మరో వారం రేగుపళ్ల వడియాలు. పరీక్షకని మొదలుపెట్టినవి అలవాటుగా మారిపోయాయి. మొదట్లో కోడలిని తిట్టుకుంటూ వచ్చే దేవమ్మ, ఇప్పుడు అంగడిలో మంచి కాయలు ఏరుతూ నిలబడుతోంది. ఆ సంగతి తలుచుకుని తన మీద తనే విసుక్కునేది.

ఒక రోజు షిఫ్టు దిగి వచ్చిన నర్సింహను పట్టుకుంది. "ఏం అల్లుడా, తండ్రివైతున్నవ్, మొకం గట్ల పెట్టినవేంది?"

నర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా స్నానానికి పోయాడు. ఇక కొమురయ్య అయితే తెల్లారకముందే పొలానికి పోయి, చీకటి పడ్డాక గానీ ఇంటికి రావడం లేదు. ఇచ్చిన మాట పోయేలా ఉందని తమ్ముడు మొహం చాటేస్తున్నాడనుకుంది దేవమ్మ.

నెలలు నిండుతున్నాయి. పుష్ప పొట్ట ఎత్తుగా కనిపిస్తోంది.

"ఒక్కసారి ముట్టి సూస్త" అని దేవమ్మ చెయ్యి చాపింది.

ముత్యమ్మ చటుక్కున అడ్డం వచ్చింది. "వద్దు వదినె. గీ పోరి మీదికి సవతిని తేవాలని సూసిన చెయ్యి అది. దిష్టి తగుల్తది."

దేవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మాట నిజం కాబట్టి బాగా గుచ్చుకుంది. "నువ్వేంది, కోడలికంటె ఎక్కువ బలిసినవ్?" అని కసి తీర్చుకుంది.

"నువ్వు తెచ్చినయన్ని గదొక్కతే తింటదా?" అంది ముత్యమ్మ.

ఆ తర్వాతి అంగడికి ఇంటికి తాళం ఉంది. కాన్పుకని అత్త కోడలిని వెంటబెట్టుకుని సంగారెడ్డిలో పుష్ప చిన్నమ్మ ఇంటికి పోయిందట.

దసరా ఇంకా రాకముందే ఇంట్లో పసివాడి ఏడుపు వినపడింది. దేవమ్మ ఆగలేక అంగడి కాని రోజే ఆటో ఎక్కింది. పుష్ప చెవులకు గుడ్డ కట్టుకుని పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఉంది. దవాఖాన తిరుగుళ్లకు అలసిపోయిందట, ముత్యమ్మ మంచం దిగలేదు.

దేవమ్మ పిల్లాడిని ఎత్తుకుంది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లు చెమర్చాయి. "అచ్చం మా తమ్ముని ముక్కే! తాతవైనవ్ రా కొమురయ్యా!"

కొమురయ్యకు చాయ్ పొలమారింది.

"నా మాట నేను ఎనుకకు తీసుకుంటున్న" అంది దేవమ్మ. "నా బిడ్డకు పటేల్‌గూడల సంబంధం సూస్త తియ్యి. నన్ను మనసుల పెట్టుకోకు బిడ్డా."

పుష్పకు ఏడుపు ఆగలేదు. పిల్లాడికీ ఆగలేదు.

"ఆకలైతున్నట్టుంది, పాలియ్యరాదు?"

"నువ్వు ముందటుంటే సిగ్గైతది పెద్దమ్మా."

"అన్నిటికి సిగ్గే నీకు" అని దేవమ్మ నవ్వుతూ లేచింది. మగవాళ్లిద్దరూ ఆమెను ఆటో ఎక్కించడానికి బయటికి నడిచారు.

పుష్ప తలుపు గడియ పెట్టి, ఇన్నాళ్ల భయమంతా ఒక్క నిట్టూర్పులో వదిలేసి, మంచం వైపు తిరిగింది.

"ఇగ నువ్వు పాలియ్యి అత్తమ్మా."