కడదాకా చూసినవాళ్లు

తెర మీద రెండు పేజీలు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ఒకటి గోపీకృష్ణది, ఇంకొకటి గజాలాది. రెండింటి కిందా చూస్తున్నవాళ్ల అంకెలు పరుగెత్తుతున్నాయి.

తన అంకె చూసి గోపీకృష్ణ ఛాతీ ఉప్పొంగాలి. కానీ అతని కళ్లు పక్క పేజీని వదలడం లేదు.

మహబూబ్‌నగర్‌లో తను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ పెట్టినప్పటి నుంచీ లెక్కలంటే గోపీకృష్ణే. గజాలా పదో తరగతి లెక్కలు నేర్చుకుంది అతని దగ్గరే. మొన్న జూన్‌లో అక్కడే టీచరుగా చేరింది. చేరిన రోజు, "నా బిడ్డ లెక్క" అని అందరికీ పరిచయం చేసింది కూడా అతనే.

నెల తిరక్కుండానే ఆ మాట చేదెక్కింది. క్లాసులో ఒక పిల్ల లేచి, "గజాలా మేడం చెప్పినట్టు చెప్పుండ్రి సార్" అంది. ఆ మధ్యాహ్నం అతనికి అన్నం సయించలేదు.

ఇప్పుడు ఈ వెబ్‌సైటు. సెంటర్ యజమాని పరమేష్ ఇద్దరి చేతా ఒకే పాఠం చెప్పించి, వీడియోలు పెట్టించి, వారం కిందట పిల్లలకు తెరిచాడు. జడ్చర్లలో కొత్త బ్రాంచి వస్తోంది. ఎవరి పాఠానికి పిల్లలు ఎక్కువ వస్తే అక్కడ లెక్కలు వాళ్లవే.

గోపీకృష్ణ హైదరాబాదు స్టూడియోకు పోయి, కొత్త చొక్కా వేసుకుని మరీ రికార్డు చేయించాడు. కదిలే బొమ్మలు, మధ్యమధ్య ప్రశ్నలు, వెనక సంగీతం. గజాలా ఏం చేసింది? జడ్చర్ల ఫ్లైఓవర్ పక్కన ఎండలో నిలబడి, చెల్లెలి చేత ఫోన్‌లో తీయించుకుంటూ, సెల్ టవర్ ఎత్తును దాని నీడతో లెక్కగట్టింది. పాఠం నిండా బస్సుల హారన్లే.

అయినా ఆమె అంకె అతని అంకెను తరుముతోంది.

"గీమెకు గింతమంది ఏడికెల్లి వచ్చిన్రు?" అన్నాడు పళ్లు బిగించి.

సైటు చూసుకునే నాగేందర్ ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. "ఇయ్యాల లోడ్ టెస్టు నడుస్తాంది సార్. మిషన్ మనుషులను పంపుతున్న."

"అంటే?"

"పరీక్షలప్పుడు వేలమంది ఒక్కపారే వస్తే సైటు నిలుస్తదా, కూలుతదా చూసుడు. ఉత్త పేజీ తెరిస్తే తెల్వది సార్. వీడియో ఆడాలె, బొమ్మలు కదలాలె, ప్రశ్నలు పనిచెయ్యాలె. గందుకే మిషనే పిల్లల లెక్క వచ్చి అన్నీ తెరుస్తది. ఇగ ఏ పేజీకి పంపిన్నంటే..."

మిగతాది వినే ఓపిక గోపీకృష్ణకు లేదు. గుండె మీది బండ ఎవరో దింపేసినట్టయింది.

మళ్లీ తెర వంక, ఎవరు ఎక్కడిదాకా చూశారో చూపే గీతల వంక చూశాడు. అంతా అర్థమైపోయింది. ఆమె పాఠం చూస్తున్నవాళ్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నారు. వెనక్కి పోతున్నారు. కొందరు మధ్యలోనే వెళ్లిపోయి మళ్లీ వస్తున్నారు. అదేం చూడటం? తన పాఠానికి వచ్చినవాళ్లు మాత్రం కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. ప్రతి ప్రశ్నకూ జవాబు నొక్కి, కడదాకా చూసి గానీ లేవడం లేదు.

స్టాఫ్ రూములో గజాలా టిఫిన్ డబ్బా విప్పుతోంది. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"సార్, చూసిన్రా? మన పాఠాలకు ఎంతమందో!" ముఖం వెలిగిపోతోంది.

"గదే చెప్దామని వచ్చిన. నీ పేజీల ఉన్నది మనుషులు గాదమ్మా, మిషన్. నాగేందర్ టెస్టు పెట్టిండు."

"మొత్తం మిషనేనా సార్?"

"మరి? మనిషైతే గట్ల ఆగుకుంట, ఎనకకు పోవుకుంట చూస్తడా? నా పాఠం చూడు, ఒక్కడు లేవలే."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. ఆ వెలుగు ఆరిపోవడం అతను తీరిగ్గా చూశాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

"అమ్మీకి గూడ ఫోన్ చేసి చెప్పిన సార్," అంది నెమ్మదిగా. డబ్బా పక్కకు జరిపి, "జడ్చర్ల మీరే తీస్కోండ్రి. నేను నేర్చుకునేది ఇంక మస్తున్నది" అంది.

"ఫికర్ చెయ్యకు. నేర్పిస్త గద," అన్నాడు గోపీకృష్ణ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

సాయంత్రం ఇద్దరూ పరమేష్ గదికి వెళ్లారు. తనకు జడ్చర్ల వద్దని గజాలా తల వంచుకుని చెప్పింది. పరమేష్ కారణం అడిగితే ఆమె గోపీకృష్ణ వైపు చూసింది. గోపీకృష్ణే అందుకున్నాడు. లోడ్ టెస్టు గురించి, ఉత్తుత్తి అంకె గురించి వివరంగా చెప్పాడు. చిన్నపిల్ల, ఏమీ అనొద్దని కూడా చెప్పాడు.

పరమేష్ నాగేందర్‌ను పిలిపించాడు.

"సైటు నిలిచిందా?"

"మంచిగ నిలిచింది సార్."

"అయితే నీ మిషన్ మనుషులను తీసేసి చెప్పు. గజాలా పేజీల అసలు పిల్లలు ఎంతమంది మిగుల్తరు?"

నాగేందర్ అయోమయంగా ముగ్గురి ముఖాలూ చూశాడు.

"మేడం పేజీకి నేను ఒక్కర్ని గూడ పంపలే సార్, పంపినోళ్లందర్నీ గోపీకృష్ణ సార్ పేజీకే పంపిన."