స్పోకుల చక్రం

బల్ల మీద రెండు బ్రేకు డిస్కులు పెట్టాడు మేస్త్రీ. ఒకటి టిఫిన్ ప్లేటంత, రెండోది అన్నం తినే కంచమంత.

"ఏది బిగించమంటారు?" అన్నాడు.

నా బండి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. వయసులో నాకంటే రెండేళ్ళే చిన్నది. దాని అసలు ఇంజను తీసేయించి, రెట్టింపు బలమున్నది పెట్టించాను. ఈ వయసులో ఈ పిచ్చేమిటని నవ్విన వాళ్ళ ముందు నుంచే రయ్యిమని పోయేవాణ్ణి.

మూడేళ్ళుగా అది షెడ్డులో మూతి పగిలి పడి ఉంది. ఇప్పుడిప్పుడే మళ్ళీ మనుషుల్లో పడుతోంది.

కొలత కోసం దాని చక్రం ఒకటి వెంట తెచ్చాను. పాతకాలపు స్పోకుల చక్రం. తుడిచి తుడిచి అద్దంలా చేశాను.

మా తమ్ముడు కూడా వచ్చాడు. వద్దురా అన్నా వినలేదు. తన వల్ల పాడైన బండికి బ్రేకులైనా తనే దగ్గరుండి ఎంచుతానని పట్టుబట్టాడు.

వాడు పద్దెనిమిదేళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఎక్కడ తొక్కాలో వాడి కాలికే తెలుసని అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు అదే స్కూల్లో కౌంటరు దగ్గర కూర్చుని ఫారాలు నింపుతున్నాడు. స్టీరింగు ముట్టుకోడు.

మూడేళ్ళ కిందట నన్నడిగి తాళాలు తీసుకుని, భార్యను కొండ మీదికి షికారు తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు మలుపులో బండి ఆగలేదు. వెళ్ళి గోడకు గుద్దుకుంది.

వాడి ఒంటి మీద గీత కూడా పడలేదు. మరదలి కుడిచెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవదు. రోజూ పొద్దున్నే ఆమెకు జడ వేసేది వాడే. మొదట్లో వంకరటింకరగా వేసేవాడు. ఇప్పుడు బాగా చెయ్యి తిరిగింది.

"పెద్దవే ఇవ్వండి" అన్నాడు తమ్ముడు. "మునుపూ ఇవే ఉండేవి. పాపం వాటి తప్పేం లేదు. తొక్కేవాడికి ఒళ్ళు తెలిసుండాలి."

మేస్త్రీ పెద్ద డిస్కుకి దాన్ని పట్టి ఆపే క్యాలిపర్ తగిలించి, చక్రం లోపల పెట్టబోయాడు. అది స్పోకులకు తగిలి ఆగిపోయింది.

"పట్టదు సార్. ఈ బ్రేకులు కావాలంటే చక్రాలే మార్చాలి."

"పట్టకపోవడమేంటండీ?" అన్నాడు తమ్ముడు. "ఆ రోజు బండికున్న చక్రమే ఇది. కొంచెం తిప్పి చూడండి."

మేస్త్రీ తిప్పాడు. పట్టలేదు.

"ఇటివ్వండి" అంటూ తమ్ముడు తనే అందుకున్నాడు. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని బ్రేకును అటు తిప్పి, ఇటు తిప్పి, వంచి చూశాడు. నుదుట చెమట పట్టింది.

నేను చూస్తూ నిలబడ్డాను.

వాడి చేతిలో ఉన్నవాటిలాంటి బ్రేకులే మా షెడ్డులో బల్ల కింద ఉన్నాయి. గుడ్డలో చుట్టి, చెక్కు చెదరకుండా.

ప్రమాదానికి ముందు వారం పాత కార్ల అందాల పోటీ జరిగింది. స్పోకుల చక్రాలుంటే కప్పు నాదే అన్నారు. వాటిలో పెద్ద బ్రేకులు పట్టవు. ఒక్క ఆదివారమే కదా అని వెడల్పు చక్రాలు, పెద్ద బ్రేకులు విప్పేసి, పాత చిన్నవి బిగించాను.

కప్పు వచ్చింది. ఆ మురిపెంలో మళ్ళీ మార్చడం రేపూ ఎల్లుండీ అని వాయిదా వేశాను. వాడు తాళాలు అడిగితే ఇచ్చాను. బ్రేకుల మాట చెప్పలేదు.

ఆసుపత్రికి చెబుదామనే వెళ్ళాను. నేను నోరు తెరవకముందే వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆలస్యంగా తొక్కానన్నయ్యా" అన్నాడు. పోలీసులకీ అదే చెప్పాడు.

ఆ మాట వినగానే నాకు హమ్మయ్య అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అనిపించింది.

ఈ మూడేళ్ళలో వాడు ఎన్నిసార్లు క్షమాపణ చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ పెద్దమనిషిలా "పోనీలేరా" అన్నాను.

"మునుపెలా పట్టిందన్నయ్యా?" తలెత్తి నన్నడిగాడు తమ్ముడు.

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. బండి కింద ఏముందో వాడెప్పుడూ పట్టించుకోలేదు. ఏం చెప్పినా నమ్ముతాడు.

"పట్టలేదురా" అన్నాను.

"అంటే?"

"ఆ రోజు బండికి పెద్ద బ్రేకులు లేవు. పోటీ కోసం విప్పేశాను. నీకు చెప్పలేదు."

మేస్త్రీ ఏదో పనున్నట్టు అటు తిరిగి అరలో డబ్బాలు సర్దసాగాడు.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. వాడు నా వైపు చూడను కూడా లేదు.

చక్రాన్ని నెమ్మదిగా కింద పెట్టాడు. బల్ల మీది పెన్సిలు తీసుకుని, ఖాళీ అట్టపెట్టె మీద ఒక గీత గీశాడు. గీత చివర వంపు తిప్పాడు.

"మేస్త్రీగారూ, ఒకసారి ఇటు రండి. ఇది దిగుడు. ఇదే మలుపు. ఇక్కడ పసుపు బోర్డుంటుంది. సరిగ్గా దాని దగ్గరే తొక్కాను." గట్టిగా ఒక చుక్క పెట్టాడు. "పెద్దవి ఉండుంటే ఆగేదా?"

మేస్త్రీ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"బోర్డు నుంచి మలుపుకి ఎంత దూరం?"

"అరవై అడుగుల పైనే."

"స్పీడు?"

"నలభై. దాటలేదు."

"నిక్షేపంగా ఆగేది సార్. ముందు ఇంకో బండి పట్టేంత చోటు మిగిలేది."

తమ్ముడు ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టాడు.

"మరోసారి చెప్పండి" అన్నాడు.